మాట తెగింది ఎక్కడ?



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం కుటుంబ సంగతులే. దేవరకొండ దగ్గరి ఒక గ్రామం నుండి ఒక తల్లి వ్రాయించిన ఉత్తరం కూడా అట్లాంటిదేనని మొదట అనుకున్నాము. ఆమె పెద్ద కుమారుడు, కోడలు ఇంగ్లాండులో ఉంటున్నారు. కోడలు అక్కడ ఆసుపత్రిలో నర్సు. ప్రతి ఆదివారం రాత్రి భోజనాల వేళ వీడియో కాల్ చేసుకోవడం ఆ ఇంటి అలవాటు.

ఆమె వ్రాయించిన మాటలివి: “బాగున్నవా బిడ్డా అంటే కోడలు పలకదు. సరే అని నేను ఇంకో మాట మొదలుపెడితే అప్పుడు అడ్డం వచ్చి మాట్లాడుతది. నా మాట పూర్తి కానియ్యదు. ఒక్కోసారి మొఖం బిగబట్టుకొని అట్లనే చూస్తది. నా మీద ఏదో మనసుల పెట్టుకున్నది. రెండు నెలల నుంచి నేను ఫోను దగ్గరికి పోవుడే మానేసిన. ఆమెతోని ఎట్ల కలిసిపోవాలె, మీరే చెప్పండి.”

జవాబు వ్రాయడానికి కూర్చున్నాము. కాని ఉత్తరం చివరి వాక్యం మమ్మల్ని ఆపింది. “నెట్టు మంచిగనే ఉన్నది, టీవీల యూట్యూబు మంచిగనే వస్తది” అని ఉంది. వెంటనే పలకకపోవడం, ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ముఖం బిగుసుకుపోవడం, ఈ మూడూ కోపానికే కాదు, ఇంటర్‌నెట్ జబ్బుకు కూడా గుర్తులే. కనుక ఉత్తరానికి జవాబు ఆపి, మాలో కంప్యూటరు పని తెలిసిన ఒకరు ఒక ఆదివారం ఆ ఇంటికి వెళ్ళారు. అక్కడ తెలుసుకున్నది మీకందరికీ పనికి వస్తుందని ఈ నెల ఈ సంగతే వ్రాస్తున్నాము.

మన ప్రాంతంలో ఇది ఇక పట్నం వాళ్ళ సంగతి కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమై, ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్న మద్దూరు, 2024 డిసెంబరు 8న రాష్ట్ర ప్రభుత్వం టీ-ఫైబర్ సేవలు మొదలుపెట్టిన మొదటి కొన్ని గ్రామాల్లో ఒకటి. మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఆ ఫైబరు తీగలకు కూడా చోటు చూశారు. ప్రైవేటు కంపెనీల తీగలు అంతకు ముందే ఎన్నో ఊళ్ళకు వచ్చాయి. నీళ్ళ పైపు ఎక్కడైనా కారితే నేల తడిసి మనకు కనబడుతుంది. ఈ తీగలో పోయేది కనబడదు. అందుకే వెతకడం నేర్చుకోవాలి.

స్పీడు వేరు, ఆలస్యం వేరు

మొదట ఒక్క సంగతి విడదీసుకుందాం. సాగర్ ఎడమ కాలువ సంగతి మన నల్లగొండ రైతులకు చెప్పనక్కర లేదు. కాలువలో ఎన్ని క్యూసెక్కుల నీరు పారుతున్నదనేది ఒక లెక్క. గేటు ఎత్తిన తరువాత చివరి మడికి నీరు చేరడానికి ఎంతసేపు పట్టిందనేది మరొక లెక్క. కాలువ ఎంత వెడల్పైనా ఆ నీరు చేరడానికి పట్టే కాలం అంతా తగ్గిపోదు. ఇంటర్‌నెట్ కంపెనీలు “ఇరవై ఎంబీ, వంద ఎంబీ” అని చెప్పే స్పీడు మొదటి లెక్క. మాట ఇక్కడి నుండి అక్కడికి చేరి జవాబు రావడానికి పట్టే ఆలస్యం రెండవ లెక్క. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. వెయ్యి మిల్లీసెకన్లు ఒక సెకను.

మూడవ లెక్క కూడా ఉంది. మన మాట, బొమ్మ తీగలో ఒకే ధారగా పోవు. చిన్న చిన్న ముక్కలై, ఒక్కొక్క ముక్క మీద చిరునామా, వరుస సంఖ్య వేసిన కార్డుల్లాగా పోతాయి. ఈ ముక్కలనే ప్యాకెట్లు అంటారు. దారిలో కొన్ని పోతాయి. యూట్యూబు చూసేటప్పుడు పోయిన ముక్కను మళ్ళీ తెప్పించుకుంటారు. ముందుగానే కొంత సినిమా తెచ్చి దాచి ఉంచుతారు గనుక మనకు ఆ లోటు తెలియదు. వీడియో కాల్‌లో ఆ వీలు చాలా తక్కువ. ఇప్పుడు అన్న మాట ఇప్పుడే చేరాలి. ఆలస్యంగా చేరిన ముక్కతో పని లేదు. కాబట్టి పాట బాగానే వచ్చి మాట మాత్రం తెగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎంత ఆలస్యాన్ని మనిషి ఓర్చుకోగలడు? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు ప్రకారం, ఒక వైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణకు పెద్దగా ఇబ్బంది ఉండదు. 400 దాటితే ఆ మాటల్లో నెమ్మది ఉండదు. ఇవతలి వారు “పలకలేదేమి” అనుకుని రెండో మాట మొదలుపెడతారు. సరిగ్గా అప్పుడే అవతలి వారి మొదటి జవాబు వచ్చి పడుతుంది. ఆ తల్లి ఉత్తరంలో వ్రాయించింది అచ్చంగా ఇదే.

ఎక్కడ పోతున్నదో కనుక్కోవడం

నెట్ బాగాలేదంటే మనం చేసే మొదటి పని కేబులు అబ్బాయిని కేకలేయడం. అతను వచ్చి రూటరు ఆపి మళ్ళీ వేసి పోతాడు. రెండు రోజులు బాగుంటుంది, తిరిగి అదే తంతు. కొలిచి చూడకుండా తిట్టడం వల్ల వచ్చేది ఇంతే. దారిని మూడు భాగాలు చేసి చూడాలి. ఫోను నుండి ఇంట్లోని రూటరు వరకు ఒకటి. రూటరు నుండి కంపెనీ వరకు రెండు. కంపెనీ దాటి అవతలి దేశం వరకు మూడు.

కొలిచే సాధనం పేరు పింగ్. 1983లో మైక్ మూస్ అనే అమెరికా ఇంజనీరు దీన్ని వ్రాశాడు. ఒక చిన్న ప్యాకెట్ పంపి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. తిరిగి రాకపోతే పోయిందని చెబుతుంది. ఫోనులో పింగ్ చేసే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. కంప్యూటరు ఉంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషులో పింగ్ అని టైపు చేసి, ఖాళీ విడిచి చిరునామా అంకెలు వేయాలి. మళ్ళీ ఖాళీ విడిచి, చిన్న అడ్డగీత, దాన్ని ఆనుకుని టి అక్షరం వేస్తే మనం ఆపేవరకు కొలుస్తూనే ఉంటుంది. కంట్రోలు మీట పట్టుకుని సి నొక్కితే ఆగి, ఎన్ని పంపింది, ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అనే లెక్క చూపుతుంది. నాలుగు ప్యాకెట్లతో తీర్పు చెప్పకండి, కనీసం వంద పోనివ్వండి.

మొదట రూటరు చిరునామాకు పింగ్ చేయాలి. చాలా ఇళ్ళలో అది 192.168.1.1 గా ఉంటుంది. పెట్టె అడుగున అంటించిన చీటీ మీద చూసుకోవచ్చు. జవాబు కొద్ది మిల్లీసెకన్లలోనే రావాలి, ఒక్కటీ పోకూడదు. ఇక్కడే పోతుంటే తప్పు ఇంట్లోనే ఉంది, కంపెనీని అనవలసింది లేదు. ఇక్కడ బాగుంటే బయట 8.8.8.8 అనే చిరునామాకు చేయాలి. ఇది గూగుల్ వారిది, సాధారణంగా మన దేశంలోని కేంద్రం నుండే జవాబు వస్తుంది. ఇంట్లో బాగుండి బయటికి పోతున్నవి పోతుంటే అప్పుడు తీగనో, కంపెనీనో అనుమానించవచ్చు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిది తరువాత ఒకసారి కొలిచి నోటుబుక్కులో తేదీ, గంట వేసి వ్రాసుకోవాలి. వీలైతే రూటరు నుండి కంప్యూటరుకు నేరుగా వైరు పెట్టి కొలిచి, వైఫైతో కూడా కొలవాలి. రెంటికీ ఉన్న తేడాయే మన గోడల లెక్క.

ఆ ఇంట్లో కనబడినది

దేవరకొండ దగ్గరి ఇంట్లో వైరు పెట్టి రూటరుకు కొలిస్తే ఒక మిల్లీసెకను, ఒక్క ప్యాకెట్ పోలేదు. తల్లి కూర్చునే ముందు గదిలో ఫోను పట్టుకుని వైఫై మీద కొలిస్తే నూటికి పద్నాలుగు పోయాయి. వచ్చినవి కూడా కొన్ని మూడు వందల మిల్లీసెకన్లకు వచ్చాయి. కారణం వెతకడం కష్టం కాలేదు. పిల్లలు ముట్టుకోకుండా ఉంటుందని రూటరును లోపలి గదిలో ఇనుప బీరువా మీద, గోడ మూలకు పెట్టారు. రెండు గదుల మధ్య అడుగున్నర మందం రాతి గోడ. ఇనుము రేడియో తరంగాలను వెనక్కి కొడుతుంది, మందపు రాయి వాటిని చాలావరకు మింగేస్తుంది. రూటరును తలుపు ప్రక్కన, మనిషి తల ఎత్తున, ఏ అడ్డూ లేని చోటికి మార్చగానే నూటికి ఒకటి కూడా పోలేదు.

వైఫైలో ముఖ్యంగా రెండు రకాల తరంగాలు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, గోడలు కొంత దాటుతుంది. కాని ప్రక్క ఇళ్ళ రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ అదే దారిలో తిరుగుతాయి గనుక రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది రద్దీ తక్కువది, కాని గోడలు అంతగా దాటలేదు. రూటరు ఉన్న గదిలో కూర్చుని మాట్లాడేవారు 5 ఎంచుకోవడం మంచిది.

పని అయిపోయిందనుకున్నాము. కాని రాత్రి ఎనిమిదిన్నరకు, సరిగ్గా వారు కాల్ చేసుకునే వేళ, మళ్ళీ తంటా వచ్చింది. ఈసారి రూటరు వరకు బాగుంది. వైరు పెట్టి బయటికి కొలిస్తే మాత్రం, పగలు 12 మిల్లీసెకన్లు ఉన్నది రాత్రి 900 దాటింది. “చూసిండ్రా, కంపెనీ మోసమే” అన్నాడు ఆ ఇంటి పెద్దాయన. అనడానికి ముందు ఇంట్లోని ఫోన్లు ఒక్కొక్కటే వైఫై నుండి తీసి చూశాము. పదో తరగతి చదివే మనుమడి ఫోను తీయగానే 900 కాస్తా 14 అయింది.

పిల్లవాడు తప్పేమీ చేయలేదు. ఆ వేళకు ఫోనును చార్జింగుకు పెడతాడు. అప్పుడు అది ఆ రోజు తీసిన ఫోటోలు, వీడియోలు తనంతట తానే పైకి పంపుతుంది. పైకి పంపే దారి చాలా ఇళ్ళలో క్రిందికి దించుకునే దారి కంటే ఇరుకు. లెక్క వేసి చూడండి. పైకి పంపే స్పీడు సెకనుకు 50 లక్షల బిట్లు, రూటరులో వరుసగా నిలబడిన సరుకు 10 లక్షల బైట్లు, అంటే 80 లక్షల బిట్లు. ఆ వరుస చివర చేరిన మన మాట బయటపడడానికి ఒక సెకనుకు పైగా, 1.6 సెకన్లు పడుతుంది. 2010లో జిమ్ గెట్టిస్ అనే అమెరికా ఇంజనీరు తన సొంత ఇంట్లోనే ఈ బాధపడి, కారణం వెతికి, ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. దీనికి మందు సులువే. కాల్ చేసే గంట ఫోటోలు పంపడం ఆపుకోవాలి. ఫోటోల యాప్‌లో బ్యాకప్‌ను ఆపే మీట ఉంటుంది. కొన్ని రూటర్లలో క్యూఓఎస్ అనే ఏర్పాటు ఉంటుంది. మాటకు మొదటి చోటు ఇవ్వమని దానిలో చెప్పవచ్చు.

తప్పు బయట ఉంటే

ప్రతి ఇంట్లోనూ ఇట్లాగే ఉంటుందని చెప్పడం లేదు. జడ్చర్ల వైపు మరొక ఇంట్లో రాత్రీ పగలూ తేడా లేకుండా, వైరు పెట్టి కొలిచినా బయటికి పోయేవాటిలో నూటికి ఆరేడు పోతున్నాయి. అక్కడ తీగను కిటికీ రెక్క సందులో నుండి లోపలికి తెచ్చారు. రెక్క మూసినప్పుడల్లా తీగ మడతపడుతున్నది. ఫైబరు తీగలో పోయేది వెలుగు. తీగను బాగా వంచితే వెలుగు ఆ వంపులో బయటికి కారిపోతుంది. లైన్‌మన్ మీటరు పెట్టి చూస్తే వెలుగు బలం మైనస్ 29 చూపింది. ఇళ్ళకు వచ్చే ఇట్లాంటి తీగలకు అది సాధారణంగా మైనస్ 27 కంటే పడిపోకూడదు. తీగ మార్చి, గోడకు రంధ్రం చేసి తెస్తే నష్టం ఆగింది.

కనుక ఇవి చూసుకోండి. రూటరు మీద లాస్ అని వ్రాసి ఉన్న దగ్గర ఎర్ర దీపం వెలిగితే వెలుగు అందడం లేదని అర్థం. అది కంపెనీ వారే బాగుచేయాలి. జేసీబీ తవ్వకం, స్తంభాల మీద కోతులు, గాలివాన, ఇవన్నీ మన ఊళ్ళలో తీగను తెంపేవే. బోరు మోటారు వేసినప్పుడల్లా నెట్ పోతుంటే వోల్టేజి పడిపోయి రూటరు ఆగి మొదలవుతున్నదేమో గమనించండి. అట్లాంటి చోట రూటరుకు సరిపడే చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది. ఊడిన ఫైబరు తీగ కొనను కంటితో చూడకండి, పిల్లలను చూడనివ్వకండి. దానిలోని వెలుగు కంటికి కనబడదు, కాని కంటికి హాని చేయగలదు.

కంపెనీకి చెప్పేటప్పుడు “నెట్ బాగాలేదు” అంటే లాభం లేదు. “ఫలానా తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు, వైరు పెట్టి కొలిస్తే వందలో ఆరు పోయాయి, రూటరు వరకు ఒక్కటీ పోలేదు” అని నోటుబుక్కు చూసి చెప్పండి. బ్రాడ్‌బ్యాండులో ప్యాకెట్ల నష్టం ఒక శాతం లోపు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే నియమం పెట్టింది. 2024 అక్టోబరు 1 నుండి అమలుకు వచ్చిన కొత్త నిబంధనల్లో కూడా ఆలస్యం, నష్టం రెండూ కొలతలుగా ఉన్నాయి. ఫిర్యాదు ఇచ్చినప్పుడు డాకెట్ నంబరు అడిగి వ్రాసుకోండి. జవాబు తృప్తిగా లేకపోతే, 2012 నాటి నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. దాని మీద 39 రోజుల్లో నిర్ణయం చెప్పాలి.

ఇక మూడవ భాగం, సముద్రం అవతలి దారి. అది మన చేతిలో గాని, ఊరి లైన్‌మన్ చేతిలో గాని లేదు. 2025 సెప్టెంబరు 6న ఎర్ర సముద్రంలో జెద్దా దగ్గర సముద్రం అడుగు తీగలు తెగినప్పుడు మన దేశంలో కూడా ఇంటర్‌నెట్ మందగించింది. అట్లాంటి రోజుల్లో ఇంట్లో ఎన్నిసార్లు రూటరు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు. ఓపిక పట్టడమే.

మిగిలిపోయే ఆలస్యం

అన్నీ బాగుచేసినా కొంత ఆలస్యం ఉండి తీరుతుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుండి లండను నేరుగా కొలిస్తే దాదాపు 7,700 కిలోమీటర్లు. పోయి రావడానికి ఎంత తక్కువన్నా 77 మిల్లీసెకన్లు. సముద్రం అడుగున తీగ చుట్టుదారిలో పోతుంది గనుక అసలు లెక్క అంతకంటే బాగా ఎక్కువే. ఎంత డబ్బు పెట్టినా ఆ తీగలో వెలుగును ఇంకా తొందరపెట్టలేము.

కాబట్టి ఆ తల్లికి చివరగా ఒక్క మాట చెప్పి వచ్చారు. “అమ్మా, నీ మాట అయినంక ఒక్క ఊపిరి ఆగు. ఆమె మాట సముద్రం దాటి రావాలె.”

ఆ రాత్రే కాల్ చేశారు. రెండు నెలల తరువాత ఆమె ఫోను ముందు కూర్చుంది. “బాగున్నవా బిడ్డా” అని ఆగింది. కోడలు “బాగున్నా అత్తమ్మా, మీరెట్లున్నరు” అంది. అంతటితో ఆగలేదు. కోడలు కూడా తన మనసులోది చెప్పుకుంది. తను నోరు తెరిచినప్పుడల్లా అత్తమ్మ వేరే మాట ఎత్తుకుంటుంటే, తన మాట వినడం ఆమెకు ఇష్టం లేదేమో అనుకున్నదట. తరువాత అత్తమ్మ ఫోనుకే రాకపోతే అది నిజమేననుకున్నదట. ఇద్దరూ ఒకే జబ్బుకు ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. రాత్రి డ్యూటీలు చేసి వచ్చి, నిద్ర ఆపుకుని ఆదివారం కాల్ కోసం కూర్చుంటున్నానని కోడలు చెప్పిన సంగతి ఆ ఇంట్లో వారికి అప్పటివరకు తెలియదు.

ప్రియ పాఠకులారా, ఇంటింటి అలకలన్నీ రూటరు జరిపితే తీరిపోతాయని మేము అనడం లేదు. నిజమైన మనస్తాపాలు వేరే ఉన్నాయి, వాటికి మందు వేరు. కాని దూరదేశంలో ఉన్న బిడ్డ పలకలేదని మనసు కష్టపడినప్పుడు, ఆ బిడ్డను అనుకునే ముందు ఒక్కసారి కొలిచి చూడండి. మాట తెగింది గోడ దగ్గరనా, కిటికీ సందులోనా, సముద్రంలోనా కనుక్కోండి. అంతవరకు తీర్పు ఆపి ఉంచండి.

మీ ఇళ్ళలో ఇట్లాంటి ఇబ్బంది ఉంటే మీ నోటుబుక్కు లెక్కలతో సహా మాకు వ్రాయండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.